ఎండిందెంత.. నిలిచిందెంత? పక్షవాత చికిత్సకు దారి చూపుతున్న మెదడు చిత్రం

తెల్లవారుజామునే లేచి పొలానికి బయలుదేరవలసిన మనిషి ఆ రోజు మంచం దిగలేకపోతాడు. కుడి చెయ్యి లేవదు. మూతి ఒక పక్కకు వంగి ఉంటుంది. మాట్లాడబోతే అర్థం లేని శబ్దాలే వెలువడతాయి. రాత్రి పది గంటలకు పడుకునేటప్పుడు బాగానే ఉన్నాడని ఇంటివారు చెబుతారు. మరి పక్షవాతం ఎప్పుడు వచ్చింది? రాత్రి పదకొండుకా? వేకువన నాలుగింటికా? చెప్పగలవారు ఎవరూ ఉండరు. పక్షవాతాల్లో దాదాపు ఐదింట ఒకటి ఇలా నిద్రలోనే వస్తుంది.

కొన్నేళ్ల క్రితం వరకు ఇటువంటి రోగి ఆస్పత్రికి చేరితే ‘సమయం మించిపోయింది’ అన్న మాటే ఎక్కువగా వినిపించేది. గడియారమే తీర్పు చెప్పేది. 2018 తరువాత ఆ పరిస్థితి మారింది. ఎన్ని గంటలు గడిచాయన్న ప్రశ్నకు తోడు, మెదడులో ఎంత భాగం ఇంకా ప్రాణంతో ఉందన్న ప్రశ్న కూడా ముందుకు వచ్చింది. దానికి సమాధానం చెప్పేది మెదడు చిత్రం. ఆ చిత్రంలో వైద్యులు దేన్ని వెతుకుతారు? ఎవరిని చికిత్సకు ఎంపిక చేస్తారు? ఆ ఎంపికకు ఉన్న హద్దులేమిటి? జిల్లాల్లోని కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులివి.

లక్షణం ఒకటే.. కారణాలు రెండు

పక్షవాతం కాలు చేతుల్లో కనిపించినా అది మెదడుకు వచ్చే జబ్బు. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడి రక్త ప్రసరణ ఆగిపోవడం మొదటిది. నాళం చిట్లి మెదడులోకి రక్తం చిమ్మడం రెండోది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే అధిక భాగం మొదటి రకానివే. పైకి మాత్రం రెండింటి లక్షణాలూ ఒకే విధంగా ఉంటాయి. చేత్తో నాడి పట్టుకుని ఏది ఏదో తేల్చడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు.

తేల్చకుండా చికిత్స చేస్తే ముప్పు తప్పదు. గడ్డను కరిగించే మందును నాళం చిట్లిన రోగికి ఇస్తే ప్రాణాలే పోవచ్చు. అందువల్ల పక్షవాత చికిత్సలో తొలి మెట్టు సీటీ స్కాన్. బ్రిటన్‌కు చెందిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఈ యంత్రంతో 1971 అక్టోబరులో లండన్‌లోని అట్కిన్సన్ మార్లే ఆస్పత్రిలో తొలిసారి ఒక రోగి మెదడును చిత్రించారు. ఈ ఆవిష్కరణకుగాను 1979లో ఆయన అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. చిందిన రక్తం సీటీ చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది. అది లేదని నిర్ధారణ అయితేనే గడ్డ కరిగించే మందు మాట ఎత్తుతారు.

ఆ మందు లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు ఇస్తే మేలు జరుగుతుందని 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన రుజువు చేసింది. 2008లో వెలువడిన ఐరోపా పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. అయితే మెడలోని, మెదడులోని పెద్ద నాళాల్లో ఇరుక్కున్న పెద్ద గడ్డలను ఈ మందు చాలాసార్లు కరిగించలేదు. అటువంటివారి కోసం వచ్చినదే గడ్డను బయటకు లాగే చికిత్స. గజ్జలోని ధమని ద్వారా సన్నని గొట్టాన్ని మెదడు నాళం వరకు పంపుతారు. సన్నని లోహపు జాలీతో గడ్డను పట్టి వెనక్కి లాగుతారు, లేదా పీల్చి తీస్తారు. వైద్య పరిభాషలో దీనిని మెకానికల్ థ్రాంబెక్టమీ అంటారు.

కాలువ పూడితే..

గడ్డ తీయగలిగినంత మాత్రాన అందరికీ తీయవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు రైతుకు సులభంగా అర్థమవుతుంది.

పెద్ద కాలువ ఒకచోట పూడుకుపోయిందనుకుందాం. దాని కింది ఆయకట్టంతా ఒకేసారి ఎండిపోదు. పూడిక పక్కనే ఉన్న మడులు ముందుగా ఎండిపోతాయి. కాస్త అవతల ఉన్న మడులకు పక్క బోదెల నుంచి కొద్దికొద్దిగా నీరు ఊరుతూ ఉంటుంది. అక్కడి పైరు వాడిపోయి, తల వాల్చి ఉంటుంది గాని చచ్చిపోయి ఉండదు. పూడిక తీస్తే అది మళ్లీ నిలబడుతుంది. ఎండిన మడికి ఎంత నీరు పెట్టినా ప్రయోజనం లేదు.

మెదడులోనూ జరిగేది ఇదే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్రతి వంద గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి పడిపోతే కణాలు పని మానేస్తాయి, చెయ్యి లేవదు, మాట రాదు. అయినా అవి ప్రాణంతోనే ఉంటాయి. 10 కంటే తగ్గితే కొద్ది నిమిషాల్లోనే చనిపోవడం మొదలవుతుంది. ఇలా చనిపోయిన భాగాన్ని వైద్యులు ‘కోర్’ అంటారు. దాని చుట్టూ పని మానేసి ప్రాణంతో కొట్టుమిట్టాడుతున్న భాగం ‘పెనంబ్రా’. గ్రహణ సమయంలో పూర్తి నీడ చుట్టూ పరచుకునే పలుచని నీడకు ఖగోళ శాస్త్రంలో ఉన్న పేరు ఇది. 1970ల చివర, 1980ల ఆరంభంలో మెదడు పరిశోధకులు దీనిని స్వీకరించారు.

గడ్డ తీయడం వల్ల దక్కేది ఈ పలుచని నీడలోని భాగమే. అది ఎంత ఉందో తెలుసుకోవడమే చిత్రాల పని.

మూడు చిత్రాలు.. మూడు ప్రశ్నలు

మొదటి చిత్రం సాధారణ సీటీ స్కాన్. రక్తస్రావం ఉందా, లేదా అన్నది ఇందులో తేలుతుంది. మెదడు ఎంతవరకు దెబ్బతిన్నదో కూడా అంచనా వేస్తారు. 2000 సంవత్సరంలో కెనడాలోని ఆల్బర్టా వైద్యులు ఇందుకు ఒక మార్కుల పద్ధతి రూపొందించారు. దాని పేరు ఆస్పెక్ట్స్. మెదడులోని ప్రధాన నాళం పోషించే ప్రాంతాన్ని పది భాగాలుగా విభజించి, దెబ్బతిన్న ప్రతి భాగానికీ ఒక మార్కు తగ్గిస్తారు. పదికి పది వస్తే నష్టం కనిపించడం లేదని అర్థం. మార్కులు తగ్గే కొద్దీ చనిపోయిన భాగం ఎక్కువగా ఉన్నట్లు.

రెండోది సీటీ యాంజియోగ్రామ్. చేతి నరం ద్వారా అయోడిన్ ఉన్న రంగు మందు ఎక్కించి, గుండె పైభాగం నుంచి తల వరకు నాళాలను చిత్రిస్తారు. గడ్డ ఎక్కడ ఉంది, గొట్టంతో అందుకోగల పెద్ద నాళంలోనే ఉందా అన్నది ఇక్కడ తెలుస్తుంది. పక్క బోదెల వంటి ఉపనాళాలు ఎంత బలంగా ఉన్నాయో కూడా కనిపిస్తుంది. ఇవి బలంగా ఉన్నవారి మెదడు గంటల తరబడి తట్టుకుంటుంది. బలహీనంగా ఉంటే గంట రెండు గంటల్లోనే చాలా భాగం నశిస్తుంది.

మూడోది పెర్ఫ్యూజన్ స్కాన్. రంగు మందు మెదడులోని ఒక్కొక్క చోటికి చేరడానికి ఎంత సమయం పడుతోందో సుమారు నిమిషం పాటు వరుస చిత్రాలతో గమనిస్తారు. రక్త ప్రసరణ మామూలులో 30 శాతం కంటే తగ్గిన చోటును చనిపోయిన భాగంగాను, రంగు చేరడంలో ఆరు సెకన్లకు మించి ఆలస్యమైన చోటును ముప్పులో ఉన్న భాగంగాను కంప్యూటరు లెక్క కడుతుంది. రెండింటి మధ్య తేడాయే కాపాడుకోదగిన మెదడు. కొన్ని ఆస్పత్రుల్లో ఇదే పనికి ఎంఆర్ఐని వాడతారు. చనిపోతున్న భాగాన్ని అది మరింత స్పష్టంగా చూపుతుంది గాని సమయం ఎక్కువ తీసుకుంటుంది.

2013లో నిరాశ.. 2015లో వెలుగు

గడ్డ లాగే పరికరాలకు అమెరికాలో 2004లోనే అనుమతి లభించింది. కాని 2013లో వెలువడిన మూడు పెద్ద పరిశోధనలు నిరాశే మిగిల్చాయి. మందులతో మాత్రమే చికిత్స పొందినవారి కంటే గడ్డ తీయించుకున్నవారికి అదనపు మేలు జరిగినట్లు వాటిలో తేలలేదు. కారణాలను వెతికితే లోపాలు బయటపడ్డాయి. వాడిన పరికరాల్లో చాలావరకు పాత తరానివి. చికిత్స ఆలస్యంగా మొదలైంది. అన్నిటికీ మించి, కొన్నింటిలో పెద్ద నాళంలో గడ్డ ఉందో లేదో యాంజియోగ్రామ్‌తో ముందుగా నిర్ధారించుకోకుండానే రోగులను చేర్చుకున్నారు. ఎక్కడ పూడిందో చూడకుండా కాలువలోకి యంత్రాన్ని దించినట్లయింది.

2015లో ఫలితం తారుమారైంది. ఆ ఏడాది అయిదు పరిశోధనలు వరుసగా విజయం సాధించాయి. నెదర్లాండ్స్‌లో 500 మందిపై జరిగిన ‘ఎంఆర్ క్లీన్’ పరిశోధనలో నాళం పూడినట్లు చిత్రంలో తేలినవారినే తీసుకున్నారు. గడ్డ తీయించుకున్నవారిలో 32.6 శాతం మంది మూడు నెలల తరువాత ఇతరులపై ఆధారపడకుండా జీవించగలిగారు. మందులు మాత్రమే పొందినవారిలో ఇది 19.1 శాతం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో జరిగిన ‘ఎక్స్‌టెండ్-ఐఏ’లో పెర్ఫ్యూజన్ స్కాన్‌తో మరింత గట్టిగా వడపోసి 70 మందిని ఎంపిక చేశారు. అక్కడ ఆ అంకెలు 71 శాతం, 40 శాతం. అయిదు పరిశోధనల్లోని 1,287 మంది వివరాలను 2016లో ఒకచోట చేర్చి లెక్కించగా, సగటున ప్రతి 2.6 మందికి గడ్డ తీస్తే ఒకరి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గుతుందని తేలింది.

ఈ రెండు పరిశోధనల అంకెలను పక్కపక్కన పెడితే ఒక సంగతి బోధపడుతుంది. వడపోత గట్టిగా ఉంటే విజయాల శాతం పెరుగుతుంది. కాని వడపోత అంతగా లేనిచోట కూడా మేలు జరిగింది. జల్లెడ కన్నాలు మరీ సన్నగా ఉంటే, బాగుపడగలిగినవారు కూడా బయటే మిగిలిపోతారు.

గంటల లెక్క మారింది

2015 నాటి పరిశోధనల్లో ఎక్కువ భాగం ఆరు గంటల్లోపు వచ్చినవారిపై జరిగినవే. ఆ తరువాత వచ్చినవారి సంగతిని 2018లో ప్రచురితమైన రెండు పరిశోధనలు తేల్చాయి.

‘డాన్’ పరిశోధనలో చివరిసారి బాగా ఉన్నట్లు చూసిన సమయం నుంచి 6 నుంచి 24 గంటల మధ్య ఉన్న 206 మందిని తీసుకున్నారు. వారిలో సుమారు సగం మంది నిద్ర లేస్తూనే పక్షవాతంతో కనిపించినవారే. రోగి లక్షణాలు తీవ్రంగా ఉండి, చిత్రంలో చనిపోయిన భాగం మాత్రం చిన్నదిగా ఉండాలన్నది నిబంధన. 80 ఏళ్లు దాటినవారిలో ఆ భాగం 21 మిల్లీలీటర్లకు లోపే ఉండాలి. ఫలితం ఆశ్చర్యం కలిగించింది. గడ్డ తీయించుకున్నవారిలో 49 శాతం మంది, తీయించుకోనివారిలో 13 శాతం మంది స్వతంత్రంగా జీవించగలిగారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగ్ ఆల్బర్స్ నాయకత్వంలో జరిగిన ‘డిఫ్యూజ్-3’లో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చిన 182 మంది పాల్గొన్నారు. అక్కడ ఇవే అంకెలు 45 శాతం, 17 శాతం. మేలు ఇంత స్పష్టంగా కనిపించడంతో రెండు పరిశోధనలనూ నిర్ణీత గడువుకు ముందే ఆపివేశారు.

దీనిని కొందరు తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. 24 గంటల సమయం ఉంది కదా అని ఆగరాదు. ఈ పరిశోధనల్లో చేరినవారు ఉపనాళాలు బలంగా ఉండి, గంటలు గడిచినా మెదడు నిలిచి ఉన్న అదృష్టవంతులు. చిత్రంలో ఆ భాగం మిగలనివారు ఆ లెక్కల్లోకే రాలేదు. పెద్ద నాళం పూడినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ప్రచురితమైన ఒక లెక్క చెబుతోంది. తనది బలమైన బోదెల మెదడా, కాదా అన్నది స్కాన్ తీసేదాకా ఎవరికీ తెలియదు.

గీత అవతల మిగిలినవారు

చనిపోయిన భాగం పెద్దదిగా ఉన్న రోగులను చాలాకాలం ఈ చికిత్సకు అర్హులుగా పరిగణించలేదు. రక్త ప్రసరణ ఒక్కసారిగా పునరుద్ధరిస్తే దెబ్బతిన్న చోట రక్తస్రావం కావచ్చన్న భయం అందుకు కారణం. పరిశోధన కోసం గీసిన గీతలే క్రమంగా చికిత్స గదికి తలుపులయ్యాయి.

2022లో జపాన్ వైద్యులు ఆ గీతను పరీక్షకు పెట్టారు. ఆస్పెక్ట్స్ మార్కులు 3 నుంచి 5 మాత్రమే ఉన్న 203 మందిపై పరిశోధన చేయగా, మూడు నెలల తరువాత ఎవరి సాయం లేకుండా నడవగలిగిన స్థితికి చేరినవారు గడ్డ తీసినచోట 31 శాతం, తీయనిచోట 12.7 శాతం. మెదడులో ఏదో ఒక మేర రక్తస్రావం కనిపించడం మాత్రం చికిత్స పొందినవారిలోనే ఎక్కువ. 2023లో చైనాలో జరిగిన ‘ఏంజెల్-ఆస్పెక్ట్’, పలు దేశాల్లో జరిగిన ‘సెలెక్ట్-2’ కూడా గడ్డ తీయడం వైపే మొగ్గాయి. 2024లో ఫ్రాన్స్, స్పెయిన్‌లలో జరిగిన ‘లాస్ట్’ పరిశోధన దెబ్బతిన్న భాగానికి గరిష్ఠ పరిమితే పెట్టలేదు. అందులో మరణాలు 55.5 శాతం నుంచి 36.1 శాతానికి తగ్గాయి. అదే ఏడాది అమెరికాలో జరిగిన ‘టెస్లా’ మాత్రం మేలును స్పష్టంగా రుజువు చేయలేకపోయింది.

ఈ రోగుల్లో ఎక్కువ మంది పూర్తిగా కోలుకోరు. మంచానికే పరిమితం కావలసినవారు చేతికర్ర సాయంతోనైనా ఇంట్లో తిరగగలగడం, తన అన్నం తాను తినగలగడం ఇక్కడ గెలుపు. చిత్రం బాగాలేదని చెప్పిన వెంటనే ఆశ వదులుకోనవసరం లేదని, ఆశ ఏ మేరకన్నది వైద్యులతో మాట్లాడి తెలుసుకోవాలని దీని సారాంశం.

మరోవైపు, చిత్రం ‘వద్దు’ అని చెప్పే సందర్భాలూ ఉన్నాయి. మెదడు లోపలి సన్నని, మధ్యరకం నాళాల్లోని గడ్డలను లాగడంపై 2025లో వెలువడిన రెండు పరిశోధనలు అదనపు మేలు చూపలేదు. అటువంటివారికి మందులే మార్గం.

మన జిల్లాల్లో ఎలా?

ఈ కొలతలన్నీ దూరదేశాల పెద్ద ఆస్పత్రుల్లో పుట్టినవి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నానికి వంద కిలోమీటర్లకు పైనే. గడ్డ తీసే సదుపాయం, నిపుణులు ప్రధానంగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు. పెర్ఫ్యూజన్ చిత్రాలను లెక్కించే కంప్యూటరు ఏర్పాటు ప్రతిచోటా ఉండదు.

అయినా నిరాశపడనవసరం లేదు. 2023లో నెదర్లాండ్స్‌లో వెలువడిన ‘ఎంఆర్ క్లీన్-లేట్’ పరిశోధనలో 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవారిని యాంజియోగ్రామ్‌లో కనిపించే ఉపనాళాల ఆధారంగానే ఎంపిక చేశారు. అక్కడా మేలే జరిగింది. అంటే సాధారణ సీటీ, దానికి తోడు యాంజియోగ్రామ్ ఉంటే చాలావరకు నిర్ణయం తీసుకోవచ్చు. తొలి స్కాన్ దగ్గరలోనే తీయించి, అవసరమైతే గడ్డ కరిగించే మందు అక్కడే మొదలుపెట్టి, చిత్రాలను ముందుగా పెద్ద ఆస్పత్రి వైద్యుడికి పంపిస్తే దారిలో పోయే సమయం కొంత కలిసివస్తుంది. ప్రయాణానికి గంటలు పడితే, చేరిన తరువాత మెదడు పరిస్థితి మారి ఉండవచ్చు కనుక మళ్లీ స్కాన్ తీయవలసి రావచ్చు. దానిని వృథా ఖర్చుగా భావించరాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ రెండు రాష్ట్రాల ప్రజలకూ పరిచితమే. పక్షవాతానికీ ఆ నంబరుకే ఫోన్ చేయాలన్న స్పృహ మాత్రం ఇంకా పెరగాలి. గుండెనొప్పి వస్తే పరుగెత్తే కుటుంబాలు, నొప్పి లేని పక్షవాతాన్ని ‘కాసేపు చూద్దాం’ అని వదిలేస్తున్నాయి. పసరు మందులు, పావురం రక్తం మర్దన వంటి వాటితో విలువైన గంటలు కరిగిపోతున్నాయి.

ఇంటివారు ఏం చేయాలి?

* మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, హఠాత్తుగా చూపు తగ్గడం, నిలబడలేక తూలిపోవడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లక్షణాలు తగ్గినట్లు అనిపించినా వెళ్లవలసిందే.
* రోగిని చివరిసారి మామూలుగా చూసిన సమయాన్ని కాగితంపై రాసుకోవాలి. నిద్రలో వచ్చినట్లయితే పడుకున్న సమయం, మధ్యలో నీళ్లకో, మూత్రానికో లేచి ఉంటే ఆ సమయం కూడా చెప్పాలి.
* సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా తీసుకువెళ్లాలి. స్కాన్ లేనిచోట ఆగి సమయం పోగొట్టుకోరాదు.
* వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా రక్తం పలుచబడే మాత్రలు ఉంటే అవి వెంట తీసుకువెళ్లాలి. మధుమేహం ఉంటే చెప్పాలి. చక్కెర బాగా పడిపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు.
* జబ్బుకు ముందు రోగి తన పనులు తాను చేసుకునేవాడా, లేదా అన్నది వైద్యులు తప్పక అడుగుతారు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

ఏం చేయరాదు?

* స్కాన్ కాకముందు ఆస్పిరిన్ ఇవ్వరాదు. రక్తస్రావం వల్ల వచ్చిన పక్షవాతమైతే హాని జరుగుతుంది.
* నీళ్లు, కాఫీ, పసరు.. ఏదీ నోట్లో పోయరాదు. మింగే శక్తి తగ్గి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
* రక్తపోటు ఎక్కువగా ఉందని ఇంటివద్దే మాత్రలు వేయరాదు. ఒక్కసారిగా తగ్గిస్తే వాడిన భాగానికి అందే కొద్దిపాటి రక్తం కూడా ఆగిపోతుంది.

అడగవలసిన ప్రశ్న

ఆస్పత్రికి చేరాక ‘ఆలస్యమైంది’ అని చెబితే కుటుంబ సభ్యులు మర్యాదగానే అడగదగిన ప్రశ్నలు మూడున్నాయి. స్కాన్‌లో రక్తస్రావం ఉందా? పెద్ద నాళం పూడిందేమో యాంజియోగ్రామ్‌లో చూశారా? మెదడులో కాపాడుకోదగిన భాగం ఎంత మిగిలింది? ఈ మూడింటికీ జవాబు వచ్చిన తరువాత చికిత్స సాధ్యం కాదని తేలితే, అది కేవలం గడియారం చూసి చెప్పిన మాట కాదని నమ్మవచ్చు.

గడ్డ తీసే చికిత్స అందరికీ పనికిరాదు. గడ్డ వల్ల వచ్చే పక్షవాతాల్లో సుమారు పదో వంతు మందికే అది వర్తిస్తుందని అంచనా. కాని ఆ పదో వంతులో తమ మనిషి ఉన్నాడో లేదో ఇంటి దగ్గర కూర్చుని తేల్చుకోవడం అసాధ్యం. పైరు వాడిందా, ఎండిందా అన్నది గట్టు మీదికి వెళ్లి చూసినవాడికే తెలుస్తుంది. మెదడు విషయంలో ఆ గట్టు స్కాన్ గది. అక్కడికి ఎంత త్వరగా చేరితే అంత పచ్చదనం మిగులుతుంది.